సన్నాయి మావయ్య ఊపిరి

సన్నాయి మావయ్య పోయారన్న కబురు వచ్చేసరికి నేను వడ్డాదిలో ఒక పెళ్లి పందిట్లో కీబోర్డు వాయిస్తున్నాను. స్పీకర్లలో మోగుతున్నది ఆయన సన్నాయే. ఆయన మేళంలో డోలు వాయించే పెద్దాయన ఫోన్ చేస్తే, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని విన్నాను. "మీ మావయ్య ఎలిపోనాడు బాబూ" అన్నారు. అవతల తాళి కడుతున్నారు. వేలు తీయడానికి లేదు. అలాగే వాయించాను.

ఆయన మాకు చుట్టం కాదు. చోడవరంలో మా వీధిలోనే ఉండేవారు, ఊహ తెలిసినప్పటి నుంచి మావయ్యా అనే పిలిచాను. సన్నాయి కొసన తగిలించే రెల్లు పీకను పెదాల మధ్య నానబెట్టుకుంటూనే కబుర్లు చెప్పేవారు. సగం మాటలు పీక పక్కనుంచి జారిపోయేవి, మనమే పూరించుకోవాలి.

ఆరేడేళ్ల కిందట ఆయన్ని నా రికార్డింగ్ గదికి పిలిచాను. బస్సుల హారన్లు వినపడకుండా గోడలకు పాత పరుపులు నిలబెట్టి, ఫ్యాను కట్టేసి, ఒక్కో స్వరం విడిగా ఊదించాను. చెమటలు కారిపోతున్నా విసుక్కోలేదు. "ఇయన్నీ ఎందుకురా?" అని అడిగితే "గుర్తుగా దాచుకుందామని" అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ స్వరాలను కంప్యూటర్లో ముక్కలు చేసి కీబోర్డు మీటలకు అమర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి పెళ్లివాళ్లు మేళం మానేసి నన్నొక్కడినే పిలవడం మొదలుపెట్టారు.

బుచ్చయ్యపేటలో ఓ పెళ్లికి ఆయన చుట్టంగా వచ్చి, తన సన్నాయి తానే విన్నారు. మర్నాడు పొద్దున్నే నా గది గుమ్మంలో నిలబడ్డారు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నా సన్నాయికి సలిజొరం వొచ్చిందేట్రా? ముట్టుకుంటే సాలు, వొణికిపోతంది" అన్నారు.

నిజమే. స్వరం బండగా ఉండకూడదని సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఊగించే మాడ్యులేషన్ పెట్టాను. మీట నొక్కిన క్షణం నుంచి వదిలేదాకా ఒకే లెక్కన వణుకు. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "సొరం ముందు నిలబడాల. నిలబడ్డాక ఊగాల. నిలబడకండా ఊగితే అది తాగుబోతు."

వణుకు కాస్త ఆగి మొదలయ్యేలా మార్చాను. ఎంత ఊగాలన్నది కీబోర్డు పక్కనుండే చిన్న చక్రానికి కలిపి, దాన్ని ఆయన చేతికిచ్చాను. నేను మీట నొక్కుతుంటే ఆయన వేలితో చక్రం తిప్పారు. తిప్పినంతసేపూ బుగ్గలు పూరించుకునే ఉన్నారు, ఊదుతున్నట్టే. ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మీట నొక్కినంతసేపూ స్వరం ఆగకపోవడం చూసి "దీనికి ఊపిరి అయిపోదేటి?" అని అడిగారు. ఆయన ఊదిన దాంట్లో నడిమి ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పుతున్నానని చెప్పాను.

"ఓహో, నన్ను గానుగెద్దుని సేసీసేవన్నమాట."

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే తప్పయిందని అనేసి తేలికపడేవాణ్ణి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్లూ ఆ మాటను పెళ్లి పెళ్లికీ మోసుకు తిరిగాను. సన్నాయి అచ్చం మనిషి ఊదినట్టే ఉందని ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకుని వైర్లు చుట్టుకునేవాణ్ణి.

వడ్డాది నుంచి తిన్నగా వాళ్లింటికే వెళ్లాను. ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. మేళంలో వాళ్లు ఎప్పుడో తలో పనిలోకి పోయారు. డోలు పెద్దాయన ఒక్కరే వచ్చారు. అత్త నన్ను చూసి, "మీ మావయ్యని మేళం నేకండా పంపీమంటావేట్రా? నీ పెట్టిలో ఉన్నాడు గదా, దింపు" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

కీబోర్డు అరుగు మీద పెట్టి, కంప్యూటర్లో ఆ మళ్లీ మళ్లీ తిప్పడాన్ని తీసేశాను. ఆయన కాళ్ల దగ్గర వంగి "తప్పయింది మావయ్యా" అన్నాను. మీట నొక్కాను. స్వరం నిలబడింది. కాసేపాగి చక్రం తిప్పితే మెల్లగా ఊగింది. పెద్దాయన డోలు అందుకున్నారు. ఆ రోజు పరుపుల గదిలో మావయ్య ఊపిరి ఎక్కడ అయిపోయిందో, సరిగ్గా అక్కడ స్వరం ఆగిపోయింది. నా వేలు ఇంకా మీట మీదే ఉంది.