రెడ్డెప్ప బండి పళ్ల చక్రం

2024 చలికాలం మొదట్లో జరిగిన సంగతి ఇది. అప్పుడూ ఇప్పుడూ మేముండేది కువైట్లో అబూ హలీఫాలోనే, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక పాత బిల్డింగులో. కింద మెట్ల పక్కన ఒక స్టోర్ రూమ్ ఉంది. బిల్డింగు చూసుకునే హారిస్, ఈజిప్టు మనిషి, దాన్ని నాకు వాడుకోమని ఇచ్చాడు. అందులో ఒక చిన్న లేత్, బల్ల మీద పెట్టుకునే మిల్లింగ్ మెషిన్, ఒక రోటరీ టేబుల్ ఉన్నాయి. రోటరీ టేబుల్ అంటే హ్యాండిల్ తిప్పితే మనకి కావలసిన డిగ్రీల మేరకి తిరిగే గుండ్రటి బల్ల. పళ్ల చక్రాలు కొయ్యాలంటే అది ఉండి తీరాలి.

ఈ సరంజామా అంతా సెలవు రోజుల సరదా కోసం కొనుక్కున్నది. నా అసలు పని షువైఖ్‌లో ఒక పెద్ద వర్క్‌షాపులో. పంపులకీ వాల్వులకీ కావలసిన పార్టులు తయారుచేసే చోటు. సీఎన్‌సీ మెషిన్లు, అంటే కంప్యూటరు చెప్పినట్టు కోసే మెషిన్లు, ఆ సెక్షన్‌కి నేను ఇన్‌చార్జిని. ఆ ఏడాది ఎండాకాలంలో ఆర్డర్లు తగ్గి కొంతమందిని తీసేశారు. ఆ కొంతమందిలో నేనూ ఉన్నాను. మా ఆవిడ పద్మ నర్సు. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే పర్మిట్, ఆమె మీదికి మార్చుకున్నాం. ఆమె డ్యూటీకి వెళ్తుంటే నేను టిఫిన్ డబ్బా కట్టి, లిఫ్ట్ దాకా వెళ్లి పంపేవాణ్ణి.

పని పోయిందని మాత్రం బయట ఎవరికీ చెప్పలేదు. శుక్రవారాలు కలిసే మా కోనసీమ వాళ్లెవరైనా "మూర్తిగారూ, ఉద్యోగం ఎలా ఉందండి" అంటే, "ఏదో, నడుస్తోందండి" అనేవాణ్ణి. అలా రోజులు గడిచిపోయాయి.

రెడ్డెప్ప మా వీధి చివర బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, సామాన్లు చేరవేసే మనిషి. రాయచోటి దగ్గరి పల్లె. వయసు యాభై దాటింది. మూడు చక్రాల తొక్కుడు బండి మీద నీళ్ల క్యాన్లు, బియ్యం బస్తాలు పెట్టుకుని బిల్డింగు బిల్డింగూ తిరిగేవాడు. ఒక పొద్దున్న నేను స్టోర్ రూములో ఫోనులో తెలుగులో మాట్లాడుతుంటే విని గుమ్మం దగ్గర ఆగాడు. మెషిన్లకేసి కాసేపు చూసి, తన బండి ఒకసారి చూడమన్నాడు.

వెనక ఇరుసు మీదున్న స్ప్రాకెట్, చైను తిరిగే పళ్ల చక్రం, అరిగి పళ్లన్నీ కొక్కేల్లా వంగిపోయాయి. అది ఏ ఊళ్లో తయారైందో, బోల్టుల కొలత దేనికీ కలవదు. హవల్లీ దాకా వెతికినా దొరకలేదన్నాడు. అంతటితో అయిపోలేదు. మెట్ల మీద జారి అతని కుడి మోకాలు దెబ్బతింది. బరువుతో తొక్కుతుంటే పట్టేస్తోంది.

"కొట్టాయనకు ఇంగా తెలీదు సార్. తెలిస్తే ఖలాస్. ఇంటికి పంపిచ్చేస్తాడు. తొక్కేదానికి తేలిగ్గా ఉండేట్టు ఏమన్నా చేసేకయితాదా?" అన్నాడు.

చేయొచ్చు. వెనక స్ప్రాకెట్‌కి పళ్లు పెంచితే బండి వేగం తగ్గుతుంది కానీ కాలి మీద భారం తగ్గుతుంది. ఉన్నదానికి ఇరవై పళ్లు. ముప్పై పెడదామన్నాను. నా దగ్గర మందపాటి అల్యూమినియం ప్లేటు ముక్క ఒకటి ఉంది. అల్యూమినియం స్టీలు కంటే తొందరగా అరుగుతుందనీ, కానీ నా చిన్న మెషిన్ మీద బాగా తెగేది అదేననీ అతనికి చెప్పాలి. ఆ మాట చెప్పబోతుంటే అతను అడిగాడు, మీరు ఏ కంపెనీలో చేస్తారు సార్ అని.

నేను షువైఖ్ వర్క్‌షాపు పేరు చెప్పాను. అక్కడ ఇన్‌చార్జినన్నాను. పైగా, ఇక్కడెందుకు, మా సీఎన్‌సీ మీదే కోయించి తెస్తాను, డబ్బులేమీ వద్దు అన్నాను. అతను చేతులు జోడించాడు. ఆ క్షణంలో నాకు చాలా రోజుల తరవాత మనిషినైనట్టు అనిపించింది. ఇది రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

మర్నాడు పద్మ డ్యూటీకి వెళ్లగానే పని మొదలుపెట్టాను. స్ప్రాకెట్ చెయ్యడం వినడానికి కష్టంగా ఉంటుంది గానీ పద్ధతి తెలిస్తే తేలికే. ముందు ప్లేటుని లేత్ మీద గుండ్రంగా తిప్పి, మధ్యలో ఇరుసుకి సరిపడా కన్నం చెయ్యాలి. తరవాత దాన్ని రోటరీ టేబుల్ మీద బిగించి, పన్నెండేసి డిగ్రీలకి ఒకటి చొప్పున చుట్టూ కన్నాలు వెయ్యాలి. చైనులోని రోలర్లు వచ్చి కూర్చునేవి ఆ కన్నాల్లోనే. ఆ తరవాత బయటి అంచు కోసేస్తే సగం కన్నాలు మిగులుతాయి, వాటి మధ్య నిలబడేవే పళ్లు. చివర్లో చైను సందులో పట్టేలా పళ్లని పలచన చేసి, మొనలు ఆకురాయితో గుండ్రం చెయ్యాలి.

ఇందులో జాగ్రత్త పడాల్సింది బ్యాక్‌లాష్ దగ్గర. హ్యాండిల్ తిప్పగానే టేబుల్ కదలదు. లోపలి గేర్ల మధ్య కాస్త ఖాళీ ఉంటుంది, అది నిండాకే కదులుతుంది. అందుకని ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ రావాలి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకే రావాలి. వర్క్‌షాపులో కొత్తగా చేరిన వాళ్లకి నేను మొదటి వారంలో నేర్పుతూ వచ్చిన పాఠం అది.

కన్నాలు సగం పైన అయ్యాక హ్యాండిల్ కాస్త దాటిపోయింది. నేను ఆ కాస్తే వెనక్కి తిప్పి, గీత దగ్గర ఆపి, అలాగే డ్రిల్ దించేశాను. బిట్ బయటికి వస్తుండగానే తెలిసిపోయింది. అంచు కోశాక కంటికే కనబడింది. ఒక పన్ను సన్నంగా, దాని పక్కది లావుగా వచ్చింది.

అది పారెయ్యాల్సిన ముక్క. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇంట్లో అంత ప్లేటు మరొకటి లేదు. కొనాలంటే షువైఖ్ వెళ్లాలి. లోహం అమ్మే కొట్లన్నీ మా పాత వర్క్‌షాపు ఉన్న సందులోనే. అక్కడ ఎవరో ఒకరు పలకరిస్తారు, ఇప్పుడేం చేస్తున్నారని అడుగుతారు. ఆ ఒక్క పలకరింపు తప్పించుకోవడానికి లావు పన్నుని ఆకురాయితో అరగదీసి, సన్న పన్నుకి సరిజోడు చేసి, మొత్తం మెరిసేలా పాలిష్ పెట్టాను.

రెడ్డెప్ప దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. మా సీఎన్‌సీలోనే కోయించానని నా అంతట నేనే మళ్లీ చెప్పాను. చైనుకి లింకులు కలిపి, బిగించి ఇచ్చాక వీధి చివరిదాకా తొక్కి వచ్చాడు. మోకాలు మీద బరువే లేదన్నాడు. తన పల్లెకు ఫోన్ చేసి చెప్తానన్నాడు, కువైట్లో పెద్ద కంపెనీలో చేయించిన చక్రమని.

కొన్ని వారాలు బాగానే నడిచింది. ఆ తరవాత సామాన్లు ఇంకెవరో తీసుకురావడం మొదలైంది. రెడ్డెప్ప సెలవు మీద ఇంటికి వెళ్లి ఉంటాడనుకున్నాను. నిజానికి అనుకోవడం కూడా కాదు, అడగడం మానేశాను.

పద్మకి ఆఫ్ ఉన్న రోజు సాయంత్రం తలుపు కొట్టారు. నేను తీశాను. రెడ్డెప్ప నిలబడి ఉన్నాడు, ఎడమ చేతికి పిండికట్టు. కుడిచేతిలో ఒక ప్లాస్టిక్ సంచి.

లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే నిలబడి జరిగింది చెప్పాడు. నీళ్ల క్యాన్లతో రౌండ్‌ఎబౌట్ తిరుగుతుంటే ఒక పన్ను విరిగింది, వెంటనే పక్కదీ పోయింది. చైను ఎగిరి ఇరుసులో ఇరుక్కుంది. చక్రాలు పట్టేసి బండి పక్కకి పడింది. వెనక వస్తున్న కారు అతని తలకి చాలా దగ్గరగా వచ్చి ఆగింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో మోకాలు సంగతీ బయటపడింది. వయసు మీదపడింది, తొక్కలేక పడ్డావు, ఇంటికి పంపిస్తానన్నాడు కొట్టాయన.

చక్రం మళ్లీ కోయించుకుంటే బండి నడుస్తుంది, పని నిలబడుతుందని రెడ్డెప్ప ఆశ. కట్టు చేత్తోనే రెండు బస్సులు మారి షువైఖ్ వెళ్లాడు. మా వర్క్‌షాపు వెతికి పట్టుకుని గేటు దగ్గర నా పేరు చెప్పి అడిగాడు. నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు నా కుర్చీలో ఉన్నతను, ఒక తమిళాయన, బయటికి వచ్చాడు. ఎండాకాలంలోనే మూర్తి వెళ్లిపోయారని చెప్పాడు. విరిగిన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మా మెషిన్ మీద చేసింది కాదు, ఎవరో చేత్తో చేసి ఆకురాయితో సరిపెట్టారు అన్నాడు.

ఇదంతా రెడ్డెప్ప గొంతు పెంచకుండా చెప్పాడు. సంచిలోంచి చక్రం తీసి నా చేతికిచ్చాడు.

"పని పోయిందని చెప్పింటే నేను చేయించుకోకుండా పోతానా సార్?" అన్నాడు. "నాకు కావల్సింది చక్రం. మీ కంపెనీతో నాకేం పని?"

అంత జరిగినా సార్ అనడం మానలేదు. నన్ను తిట్టి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పుకునేవాణ్ణేమో. విరిగిన చోటు వేలికి గరుగ్గా తగులుతోంది.

వెనక పద్మ ఉందని అప్పుడు గమనించాను. నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు లోకానికి చెప్పుకుంటున్న సంగతి ఆమెకి తెలియదు. ఆమె జీతం మీద బతకడాన్ని నేను దాచుకోవాల్సిన విషయంగా చూశానని ఆ గుమ్మంలో, పరాయి మనిషి నోటి నుంచి ఆమెకి తెలిసింది. నా మొహం వైపు చూడలేదు. "ముందాయన్ని కూర్చోబెట్టండి" అంది. అతని వేళ్లు కదిలించి చూసి, కట్టు బిగువైందనీ మర్నాడు తనతో ఆసుపత్రికి రమ్మనీ చెప్పింది. టీ ఇచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఒక్కటే అడిగింది.

"నా సంపాదన తినడం మీకంత చిన్నతనంగా ఉందా?"

లేదన్నాను. ఆ మాట నాకే బలంగా వినిపించలేదు.

మర్నాడు బకాలాకి వెళ్లాను. కొట్టాయన మలయాళీ. నాకు వచ్చిన హిందీలో మొత్తం చెప్పాను. పడింది మోకాలి వల్ల కాదు, చక్రం విరగడం వల్ల. చక్రం చేసింది నేను. నాకిప్పుడు ఉద్యోగం లేదు, మెట్ల కింద గదిలో చేశాను, తప్పు వచ్చిందని తెలిసీ ఇచ్చాను. కొట్టులో సరుకులు కొనుక్కుంటున్న వాళ్లలో మా బిల్డింగు వాళ్లూ ఉన్నారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ముందు బండి నడిచేలా చెయ్యండి, ఆ మనిషి సంగతి తరవాత చూస్తానన్నాడు.

అట్నుంచి అటే షువైఖ్ బస్సెక్కాను. ప్లేటు కొనడానికి ముందు పాత వర్క్‌షాపు గేటు దగ్గరికే వెళ్లాను. తమిళాయన బయటికి వచ్చాడు. విరిగిన చక్రం సంగతి నేనే ఎత్తాను. అతను వెంటనే, మా సీఎన్‌సీ మీద కోసిస్తాను సార్ అన్నాడు. వద్దన్నాను. చెడగొట్టింది నేను, బాగుచెయ్యడం కూడా నా చేత్తోనే జరగాలనిపించింది. అది బుద్ధో, మిగిలిన పొగరో ఇప్పటికీ తేల్చుకోలేను. దాని బదులు ఒక సాయం అడిగాను, చేశాక తెస్తాను, కొలిచి చూడమని. విమానాల పార్టులకి వాడే గట్టి రకం అల్యూమినియం కొనమని అతనే చెప్పాడు. అదే కొన్నాను.

రెండోది కోసేటప్పుడు రెడ్డెప్ప వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఇది చేత్తో తిప్పే బల్ల, ఇక్కడ తప్పు రావచ్చు, అల్యూమినియం కాబట్టి స్టీలంత కాలం రాదు, అరుగుదల నెలకోసారి చూసుకోవాలి, అన్నీ చెప్పాను. అతను తలూపుతూ విన్నాడు. మొదటిసారి చెప్పాల్సిన మాటలు అవి. తయారయ్యాక తీసుకెళ్లి చూపిస్తే తమిళాయన ప్రతి పన్నూ కొలిచి, బాగుంది సార్ అన్నాడు. తల ఎత్తి ఆ మాట వినలేకపోయాను.

ఆ చక్రం ఇప్పటికీ నడుస్తోంది. కానీ తొక్కేది రెడ్డెప్ప కాదు, ఒక బంగ్లాదేశ్ మనిషి. రెడ్డెప్ప మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది. బరువులు ఎత్తలేడు. ఇంటికి పంపకుండా కొట్టాయన అతన్ని కొట్టులోనే సామాన్లు సర్దే పనికి పెట్టుకున్నాడు. నేను వెళ్లి చెప్పడం వల్ల పని నిలబడిందని రెడ్డెప్ప అంటాడు. ఆ చెయ్యి అలా అయింది కూడా నా వల్లేనని అతను అనడు.

ఎవరైనా ఏదైనా పార్టు చేసిపెట్టమని ఇప్పుడు వస్తే, నేను ఎవర్నో ఎక్కడ చేస్తానో ముందు చెప్తాను. అనుమానం వచ్చిన ముక్కని వాళ్ల ఎదుటే చెత్తలో వేస్తాను. పనిలో పొరపాటు రావడం మామూలే. దాన్ని చూసి కూడా పాలిష్ పెట్టేలా చేసింది మాత్రం, నలుగురిలో చిన్నబోతానన్న భయం. మెషిన్ల దగ్గర ఇన్నేళ్లున్నా అది నాకు తెలియలేదు. ఒక మనిషి చెయ్యి విరిగాక తెలిసింది.

వారానికోసారి పాలకో పెరుగుకో ఆ కొట్టుకి వెళ్తాను. రెడ్డెప్ప అరల మధ్య నుంచి, అంతమంది ఎదుట, మంచి మనసుతోనే గట్టిగా అడుగుతాడు, పని యాడన్నా దొరికిందా సార్ అని.

చెవులు వేడెక్కుతాయి. అయినా అందరికీ వినబడేలాగే చెప్తాను.

"ఇంకా లేదండీ రెడ్డెప్పా."