మా మేనత్త చెప్పే ‘నేను’

మా మేనత్త ఎవరి మాట చెప్పినా వాళ్లే అయిపోయి చెబుతుంది. దర్శిలో మా వీధి చివరే ఆవిడ ఇల్లు. ఒకరోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుని, "నేనింక ఆ ఇంట్లో ఒక్క క్షణం ఉండను, పుట్టింటికి పోతున్నా" అంది. అమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. కాసిని మంచినీళ్లు తాగాక గానీ అత్త, "అందట పక్కింటి కోడలు" అని పూర్తి చెయ్యలేదు. మన తెలుగులో ఆ ‘అంది’, ‘అన్నాడు’ చివరికి గానీ రావు. అప్పటిదాకా ఆ ‘నేను’ ఎవరో తెలియక వినేవాళ్లు ఓపిక పట్టాల్సిందే.

నా పెళ్లి కూడా అలాంటి మాట మీదే కుదిరింది.

అప్పటికి నేను బడిలో లెక్కలు చెబుతున్నాను. వచ్చిన సంబంధాల సంగతులన్నీ నాకు ‘అట’తోనే తెలిసేవి. అమ్మాయి పొట్టి అన్నారట. ఉద్యోగం మానేయాలట. అలాంటి రోజుల్లోనే చీరాల నుంచి ఒకబ్బాయి వచ్చి చూసి వెళ్లాడు. వాళ్లకు చీరల కొట్టుంది. వారం గడిచినా కబురు లేదు. చీర కొనే వంకతో అత్త ఆ కొట్టుకు వెళ్లింది. సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది.

"నేను నచ్చానా లేదా? అది తెలీకుండా సరేనని ఎలా చెప్పను?" అంది.

నాన్న పేపరు దించి, "నువ్వు ఎవరికి నచ్చాలక్కా?" అన్నాడు.

"నేను కాదురా, ఆ అబ్బాయి. మన పిల్లకి నచ్చానా అని అడిగాడు."

"పెళ్లికొడుకు అలా అడుగుతాడా? నువ్వేదో కలిపి చెబుతున్నావు."

"కలపడానికి నాకేం పనిరా? ఉన్నదున్నట్టు చెప్పా."

వంటింటి గడప దగ్గర నిలబడి వింటున్నాను. అంతవరకూ నా ఇష్టం గురించి ఎవరూ అడగలేదు. సిగ్గుగానే ఉంది గానీ, ఆ ప్రశ్నకు జవాబు నేనే చెప్పాలనిపించింది.

"నచ్చాడని చెప్పత్తా" అన్నాను.

నాన్న నా వంక చూసి పేపరు మడిచాడు. మర్నాడు చీరాలకు తనే ఫోన్ చేశాడు.

పెళ్లయిన కొన్నాళ్లకు మా ఆయనతో వాడరేవు సముద్రం ఒడ్డుకు వెళ్లి ఇసుకలో కూర్చున్నప్పుడు ఆ మాట ఎత్తాను. ఆయన నవ్వారు.

"నేనలా అనలేదు. చీర మడతపెడుతూ, అమ్మాయికి ఇష్టమో కాదో ఎవరూ చెప్పలేదండీ అన్నాను, అంతే. నచ్చానా అని అడిగే ధైర్యం నాకెక్కడిది?"

"అడగాలని మాత్రం అనుకున్నారా?"

ఆయన పడవల వైపు చూస్తూ, "అనుకున్నాను" అన్నారు.

మోసపోయానని అనిపించాలేమో. నాకు మాత్రం సంతోషమే కలిగింది. తర్వాత ఇద్దరం దర్శి వెళ్లినప్పుడు అత్తను పక్కకు పిలిచి నిలదీశాను.

"ఆయన ఆ మాట అననే లేదట కదత్తా."

"అన్నాడమ్మా. బయటికి రాలేదేమో గానీ అన్నాడు. మొహం చూస్తే నాకు వినపడింది" అని పొయ్యి మీద పాలు చూసుకోవడానికి వెళ్లిపోయింది.

బయల్దేరేటప్పుడు కొత్త కారం డబ్బా నిండా పోసి ఇచ్చింది. ఆ ఘాటుకి బస్సు చీరాల చేరేదాకా ఆయన తుమ్ముతూనే ఉన్నారు. ఆయన అడక్కుండానే నేను అద్దం జరిపి, ఆయన్ని కిటికీ పక్కన కూర్చోమన్నాను.