నాన్న దిగని కారు

నాన్న పోయి ఏడాది దాటినా మా వాకిట్లో ఆయన పాత కారు కుడివైపు ఒరిగే ఉండేది. క్వింటాలు మనిషి. ముప్పై ఏళ్లు ఆ కారులో విజయవాడ నుంచి పామర్రు దాకా బియ్యం మిల్లుల చుట్టూ ఒక్కరే తిరిగారు. స్టీరింగు ఉన్న వైపు అణిగిపోయింది. చూస్తే లోపల ఎవరో కూర్చున్నట్టే ఉండేది. నేను దయ్యాల్ని నమ్మను. అయినా యాభై దగ్గరపడ్డవాణ్ణి, ఆ కారు పక్కనుంచి వెళ్లేటప్పుడు సిగరెట్టు వెనక్కి దాచుకునేవాణ్ణి.

అమ్మ సంగతి మరీను. రోజూ ముగ్గు వేశాక కారుకేసి కాసేపు చూసి గానీ లోపలికి వచ్చేది కాదు. అమ్మేద్దామంటే, ముందు ఆయన్ని దిగమని నువ్వే చెప్పు అనేది. నవ్వులాటకి అన్నట్టు ఉండేది కాదు.

అందుకే కారు ఎత్తు దింపించాలనుకున్నాను. పాత కార్లని నేలకి అంటేలా దింపించుకోవడం ఇప్పుడో సరదా కదా, నాకూ ఆ పిచ్చి పట్టిందని అందరితో చెప్పాను. అబద్ధం. ఆ ఒరుగు పోవాలి, నాన్న మా వాకిట్లోంచి వెళ్లిపోవాలి, అంతే. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆటోనగర్‌లో కమాను కట్టలు, అంటే చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీలు, బాగుచేసే ఒక పెద్ద సాయిబు గారు కారు కిందికి దూరి చాలాసేపు అక్కడే ఉన్నారు.

"కుడి కట్ట కూర్చుండిపోయిందండీ. ఎడమది ఇంకా నిలబడే ఉంది" అన్నారు బయటికి వచ్చి.

కుడిదాన్ని లేపి, తర్వాత రెండూ కలిపి దించమన్నాను. ఒప్పుకోలేదు. కూర్చున్నదాన్ని కాల్చి లేపితే ఇనుము చచ్చిపోద్దన్నారు. ఎడమదాన్నే కుడిదాని ఎత్తుకి దించితే సరిపోద్దట. ఎడమ కట్టలోంచి ఒక పట్టీ తీసేశారు. మిగతావాటి వంపుని సుత్తితో కొట్టి తగ్గించారు. ఎడమవైపు ముందు చక్రం స్ప్రింగులో కూడా ఒక చుట్టు కోశారు. నేల నుంచి మడ్‌గార్డు దాకా టేపు పెట్టి నాలుగుసార్లు కొలిచారు. సాయంత్రానికి కారు మట్టంగా నిలబడింది. బందరు రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా నా నడుము విరిగింది గానీ, ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

ఇంటికి రాగానే అమ్మ వాకిట్లోకి వచ్చింది. నేను దిగాను. ఆవిడ కారు చుట్టూ తిరిగి, ఎడమ తలుపు దగ్గర ఆగి, తెరిచి లోపల కూర్చుంది. అమ్మ పిట్టంత మనిషి. కారు వీసమంత కూడా కదల్లేదు, ఆవిడ ముందే ఎక్కి ఉన్నట్టు.

"మీ నాన్న పక్కన నా చోటు ఇన్నాళ్లూ ఖాళీగానే కనపడేదిరా" అంది. "ఇవాళ కారు ఇటూ కూర్చుంది."

ఒకరిని దించబోయి ఇద్దరిని ఎక్కించాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. దిగమ్మా, భోజనం చేద్దాం అన్నాను.

అమ్మ వినలేదు. ఖాళీగా ఉన్న స్టీరింగు వైపు తిరిగి, కొంగు సర్దుకుని, నెమ్మదిగా అడిగింది.

"బయల్దేరదామా అండీ?"

అమ్మ నన్నెప్పుడూ అండీ అనదు.