మూసిన కన్ను

నీటిశుద్ధి కేంద్రంలో ఆయన్ని అందరూ గ్లాసు పెద్దాయన అంటారు. వడపోత తొట్టి దగ్గర గ్లాసుతో నీళ్లు పట్టి, కిటికీ వెలుగుకెత్తి, ఒక కన్ను మూసి చూసి ‘తేట’ అన్నాడంటే ఊరు గుండె మీద చెయ్యేసుకుని తాగేది. ఆ గ్లాసును ఇంకొకరి చేత కడగనిచ్చేవాడు కూడా కాదు.

ఏడాదిగా మాత్రం ఎప్పుడెత్తి చూసినా కలకే. పటిక పెంచినా తగ్గలేదు. తొట్లలో ఇసుక కడిగేది ఎవరు? స్వయానా బావమరిది. ఇంకేం, దొరికాడు. పనివాళ్లందరి ముందూ వాణ్ణి తిట్టిపోశాడు. భార్య తమ్ముడి పక్షాన ఒక్క మాటంటే ఆమెనూ వదల్లేదు. బావమరిది అక్క గడప తొక్కడం మానేశాడు. చివరికి పెద్దాయన, వాణ్ణి పనిలోంచి తీసేయమని ఇంజనీరుకే చెప్పాడు.

ఇంజనీరు తొందరపడలేదు. నీళ్లలోకి వెలుగు పంపి, మడ్డికి తగిలి ఎంత చెదిరిందో కొలిచే సెన్సర్ పెట్టించాడు. అది కూడా ‘కలక’ అంటే వాణ్ణి తీసేస్తానన్నాడు. సెన్సర్ ‘తేట’ అంది. మళ్లీ చూసినా తేటే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సెన్సరే చెడిందని పట్టుబట్టాడు పెద్దాయన. ఆయన అలా వాదిస్తుండగానే, సెన్సర్ బిగించిన అమ్మాయి దాన్ని సరిచూసుకోవడానికి తెచ్చుకున్న శుద్ధజలం సీసా మూత తీసి, ఆయన గ్లాసు నింపి చేతికిచ్చింది. ఆయన అలవాటుగా కిటికీకెత్తాడు.

“చూశారా, ఇదీ వీడి పని. అంతా మడ్డి.”

అప్పుడు కనబడింది, ఆ అమ్మాయి చేతిలో సీసా. మెల్లగా మూసిన కన్ను తెరిచి, తెరిచిన కన్ను మూశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. శుక్లం కంటిలో ఉంటే ఏడాదంతా నీళ్లలో వెతికాడన్న మాట. తల కొట్టేసినట్టయింది.

బావమరిది వచ్చి గ్లాసు అందుకున్నాడు.

“గీతలు పడ్డట్టున్నాయి బావా. కడిగి తెస్తానుండు.”

ఆ దయ తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

“గీతలు కావురా. పోయింది నా కన్ను,” అన్నాడు పెద్దాయన, తిట్టినప్పుడు విన్నవాళ్లందరికీ వినబడేలా. “సాయంత్రం ఇంటికి రా. మీ అక్క ముందు కూడా నేనీ మాట అనాలి.”

బావమరిది గ్లాసు కడిగి తెచ్చి, ఆయన ముందు పెట్టాడు.

“నాకు కాదు బావా, అక్కకే చెప్పు. ఏడాదిగా నా కోసం గుమ్మంలోకి చూస్తూ కూర్చున్నది తను.”