ఎక్కడా కూర్చోని బాబాయి

మా బాబాయి పదకొండేళ్లుగా ప్రతి క్లాసుకీ పేరిస్తాడని, తీరా సీటు వస్తే చదివే బుర్ర లేక పారిపోతాడని యూనివర్సిటీ అంతా చెప్పుకునేది. లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు కట్టే మా బాబాయికి వెయిటింగ్ లిస్టు కనిపిస్తే పేరు రాయించుకోకుండా ఉండలేని జబ్బు ఉన్న మాట నిజం. ఖగోళశాస్త్రం, వయొలిన్, ఆఖరికి ఈత! బకెట్లో నీళ్లు చూసినా రెండడుగులు వెనక్కి వేసే మనిషి.

"ఏం పోయేకాలం మీకు? సీటొస్తే దూకుతారా?" అనేది పిన్ని.

"వస్తే కదే!"

వచ్చిన రోజున పేరు కొట్టేయించుకుని వచ్చేవాడు. "మోకాలు నొప్పి" అనేవాడు. వయొలిన్‌కి కూడా మోకాలే అడ్డం.

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. బాబాయి పక్కన కూర్చుని అట్టలకు జిగురు రాస్తుంటాను. నాలాంటి వాళ్ల కోసం యూనివర్సిటీలో ఒక సాయంత్రం క్లాసు ఉంది. అది గట్టెక్కితేనే పై చదువు. ఇరవై రెండేళ్లు దాటితే చేర్చుకోరు. నాకు వచ్చే నెలతో దాటిపోతాయి. వారం రోజులు ధైర్యం కూడగట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"సీట్లున్నాయాండీ?"

"ఎనిమిది ఖాళీ," అంది గుమాస్తా అక్క.

"అయితే నాకొకటి..."

"క్లాసు నిండిపోయిందమ్మా."

"ఖాళీ అన్నారు?"

"ఖాళీయే. అవి దూరవిద్య వాళ్లవి."

"వాళ్లు వస్తారా?"

"ఎప్పుడూ రాలేదు. రాకపోయినా అవి వాళ్లవే."

నాకు తల తిరిగిపోయింది. ఆ తిరుగుడులోనే వెయిటింగ్ లిస్టులో సంతకం పెట్టేసి వచ్చి, బాబాయి ముందు ఏడుపు మొహంతో నిలబడ్డాను.

"ఎన్నో నంబరు?"

"పద్నాలుగు."

"సరిగ్గా చూశావా? పదమూడు కాదుగా?" బాబాయి మొహం వెలిగిపోయింది. కత్తెర అక్కడే పడేసి, మోకాలు నొప్పి మనిషి మెట్లు రెండేసి చొప్పున దూకుతూ పరుగెత్తాడు. నేను వెళ్లేసరికి కౌంటరులో నా పేరు కింద తన పేరు రాస్తున్నాడు.

"ఆఖరికి నా క్లాసు కూడా వదలవా బాబాయ్?" జీవితంలో మొదటిసారి నలుగురిలో గొంతు పెంచాను.

"అరవకు తల్లీ, లైన్లో ఉన్నాను."

"ఆయనకి వయసు?" అని గుమాస్తా అక్కనే అడిగాను.

"ఉద్యోగులకి ఏ షరతూ లేదు. రాసుకోనీ పాపం, ఎలాగూ రేపు కొట్టేస్తాడు."

మర్నాడు నోటీసు బోర్డు మీద ఆ క్లాసుకి రెండో బ్యాచ్ అని పడింది. అందులో నా పేరుంది. బాబాయి పేరు మీద అడ్డగీత.

"మోకాలు," అన్నాడు బాబాయి.

ఆ వారమే యూనివర్సిటీ నిబంధనల పుస్తకం అట్టకి వచ్చింది. ఏటా దానికి అట్ట కట్టేది బాబాయే. జిగురు ఆరేలోపు చదువుతాడు. ఆ పుస్తకం మొత్తం చదివిన మనిషి యూనివర్సిటీలో ఇంకొకరు లేరు. ఒక చోట పెన్సిలు గీత కనిపించింది: వెయిటింగ్ లిస్టు పదిహేనుకి చేరితే రెండో బ్యాచ్ తెరవాలి, తెరిచాక ఎవరు మానుకున్నా మూయరాదు.

ఆ పుస్తకంతో పాటు అట్టకి వచ్చిన కట్టలో పాత వెయిటింగ్ లిస్టులు కూడా ఉన్నాయి. ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఖగోళశాస్త్రం, వయొలిన్, ఈత. పదకొండేళ్లలో ఎక్కడ చూసినా బాబాయి నంబరు పదిహేనే.