గేటు లోపలి కారు

పోయిన నెల ఒకరోజు బడిలో పాఠం చెబుతుండగా మా ఆయన ఫోన్ చేశారు. క్లాసు వేళ ఆయన ఎప్పుడూ చేయరు. వరండాలోకి వచ్చి ఎత్తాను. "మీ అక్క పోయింది. పొద్దున చాయ్ పెట్టుకుంట పొయ్యి కాడనే కూలబడ్డది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నారు. నారాయణరావుపేట నుంచి సిద్దిపేట దాకా బస్సులో నాకు ఏడుపు రాలేదు. పక్కన కూర్చున్నామె "ఏమైందమ్మా?" అని అడిగితే, "మా అక్క" అని మాత్రం అనగలిగాను.

అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆమె అక్కడ చాలా ఏళ్ళుగా ఉంది. కోహెడ వైపు భూములు, పట్నంలో కాంట్రాక్టులు, ఎన్నికలు వస్తే ఇంటినిండా మనుషులు. నిలువెత్తు ప్రహరీ, ఇనుప గేటు. ఆ గేటు దాటాలంటే పెళ్ళో చావో ఉండాలి. డ్రైవర్ ఉండాలి, వెంట అత్తమ్మ ఉండాలి. నేను బి.ఎడ్. చదివి వచ్చాను. బడిలో పనిచేస్తానని అడిగితే బావగారు నా వైపు చూడకుండానే తల్లితో అన్నారు: "మనింటి ఆడోళ్ళు ఒకరి కాడ జీతానికి పోవుడేందే?" మా ఆయన తల దించుకున్నారు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

అక్కది హుస్నాబాద్. వాళ్ళ నాయినకు అక్కడ బస్టాండు దగ్గర రేడియేటర్లు బాగుచేసే షాపు ఉండేది. చిన్నప్పటి నుంచి ఆ షాపులో పెరిగింది. పెళ్ళికి ముందే లైసెన్సు తీసుకుంది. మా ఇంట్లో మాత్రం అన్నం వండడం తప్ప ఆమెకేం వచ్చో ఎవరూ అడగలేదు.

బావగారు ఒకసారి హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చారు. నేలకు ఆనుకున్నట్టుండే ఎర్ర కారు, టర్బో ఇంజను. ఎండాకాలంలో ఒక ఊరేగింపుకు ముందు నడిపితే, మెల్లగా పోయీ పోయీ ఊరి నడుమ ఇంజను కాగి గసపోసింది. వెనక ట్రాక్టరు కూడా దాటిపోయిందట. నలుగురూ నవ్వారు. బావగారు దాన్ని తెచ్చి రేకుల షెడ్డులో పడేసి, మళ్ళీ దాని ముఖం చూడలేదు.

అక్క చూసింది. మధ్యాహ్నం మగవాళ్ళు తిని వెళ్ళిపోయాక, అత్తమ్మ కునుకు తీసే వేళ, షెడ్డులోకి వెళ్ళి బానెట్ ఎత్తేది. మొదట్లో నేను భయపడుతూ గుమ్మంలో నిలబడేదాన్ని. "దా, జూడు" అని పిలిచేది. టర్బో గాలిని ఒత్తి ఇంజన్లోకి కొడుతుందట. ఒత్తితే గాలి కాగుతుంది, కాగిన గాలితో ఇంజను బలం తగ్గుతుంది. అందుకని మధ్యలో ఆ గాలిని చల్లబరిచే జాలీ పెట్టె ఒకటి పెడతారు, ఇంటర్‌కూలర్ అని. ఈ కారుకు అది ఇంజను నెత్తినే ఉంది. "ఎసరు మీద మూతోలె ఉన్నది. ఇది సల్లగ ఎట్ల జేస్తదే?" అనేది అక్క.

దాన్ని కారు ముక్కు దగ్గరికి మార్చాలని ఆమె పట్టుదల. షెడ్డు నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసేది, తుడిపేది. వాళ్ళ నాయిన ఒక పాత లారీ ఇంటర్‌కూలర్ పంపించాడు. ఆమె పుట్టింటి నుంచి పచ్చడి జాడీలు తెచ్చే మా డ్రైవరే వాటితో పాటు అదీ తెచ్చాడు. అక్క కొలతలు చెబితే హుస్నాబాద్‌లో కోసి, కొత్త మూతలు అతికించి పంపేవాళ్ళు. ఒకవైపు ట్యూబు ముక్కతో బిగించి, ఇంకోవైపు సైకిల్ పంపుతో గాలి కొట్టి, మేమిద్దరం దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచేవాళ్ళం. బుడగలు వచ్చిన చోట అక్క గోరుతో గీత గీసేది. మళ్ళీ హుస్నాబాద్, మళ్ళీ తొట్టి.

మొదటిసారి బిగించినప్పుడు బాగా పెద్దదైపోయి రేడియేటర్‌ను మొత్తం కమ్మేసింది. ఇంజను కాసేపు నడవగానే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది, నీళ్ళు సలసల కాగి ఆవిరి ఎగజిమ్మింది. నేను అరిచి బయటికి ఉరికాను. అక్క తడిసిన ముఖం కొంగుతో తుడుచుకుంటూ, "దాని తొవ్వకు ఇది అడ్డమున్నది. తొవ్వ ఇయ్యకుంటె గాలి ఏం జేస్తది?" అంది. మళ్ళీ విప్పింది. సగానికి కోయించి కిందికి దించింది. ఇంట్లో పాడైన ఎయిర్ కూలర్ రేకు కత్తిరించి గాలి రావడానికి దారి చేసింది. ఆ రేకు కోసుకుని ఆమె చేతికి గాయమైతే, కూరగాయలు తరుగుతుంటే తెగిందని అత్తమ్మకు చెప్పింది.

పని అయింది. కానీ అయిందో లేదో తెలిసే దారి లేదు. ఇంటర్‌కూలర్ పనిచేయాలంటే కారు ఉరకాలి, ఎదురుగాలి తాకాలి. మా వాకిట్లో రెండో గేరు వేసేలోపే గోడ వస్తుంది. పెళ్ళిళ్ళకు వాడే పెద్ద ఫ్యాన్ తెచ్చి కారు ముందు పెట్టి చూసింది. "ఈ గాలి సాలది" అంది. మగవాళ్ళు లేని వేళల్లో, అత్తమ్మకు తెలిసే, వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి, వెనక్కీ ముందుకీ తిప్పేది. ఒక్కోసారి గేటు ముందు దాకా తెచ్చి, ఇంజను ఆపకుండా అలాగే కూర్చునేది. తరువాత వెనక్కి పోనిచ్చి షెడ్డులో పెట్టేది. కొన్ని నెలలు అలాగే నడిచింది.

ఒకరోజు మగవాళ్ళంతా హైదరాబాద్ పోయారు. అక్క వెళ్ళి అత్తమ్మ మంచం పక్కన నిలబడింది.

"అత్తమ్మా, ఒక్కసారి రోడ్డు మీదికి తీస్త."

"పెద్దోడొస్తే నేనేం జెప్పాలె?"

అక్క చేతిలో తాళంచెవి ఉంది. అక్కడి నుంచి కదలలేదు. అత్తమ్మ లేచి కూర్చుని, చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంది. "నేను గూడ వస్త. నేనుంటే వాడు నిన్నేమనడు."

అంత కిందికి ఉన్న సీట్లో అత్తమ్మను కూర్చోబెట్టడానికి నానా తిప్పలూ పడ్డాం. నేను వెనక మోకాళ్ళు ముడుచుకుని ఇరుక్కున్నాను. హుస్నాబాద్ రోడ్డెక్కాక అక్క పెడల్ తొక్కింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. "మెల్లగ బిడ్డా, పానం పోతున్నది" అని మొత్తుకున్న అత్తమ్మే, కాసేపయ్యాక ముందున్న లారీని చూపించి, "గా లారీని దాటు" అంది. అక్క అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

కోహెడకు ఇవతల పత్తిచేల పక్కన ఆపింది. బానెట్ ఎత్తి ఇంటర్‌కూలర్‌లోకి గాలి పోయే గొట్టం మీద చేయి పెట్టి చటుక్కున తీసింది. అందులోంచి గాలి బయటికొచ్చే రెండో గొట్టం మీద పెట్టింది. తీయలేదు. నా చేయి లాగి అక్కడ పెట్టింది. "సల్లగున్నదా లేదా? నువ్వు జెప్పు."

"సల్లగనే ఉన్నదక్కా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటుగా బైకు మీద పోతున్న ఒకాయన ఆగి, "బండి ఖరాబైందా అమ్మా?" అని అడిగి, మమ్మల్ని గుర్తుపట్టి, గబగబా వెళ్ళిపోయాడు. బావగారికి ఫోన్ ఆయనే చేసుంటాడు.

సాయంత్రానికి బావగారు వచ్చేశారు. "ఎవలనడిగి తీసినవ్? మంది నవ్వుతున్నరు!"

"నేనే పొమ్మన్న" అంది అత్తమ్మ.

"రేపే అమ్మిపడేస్త దాన్ని."

అక్క చేతిలో తాళంచెవి ఇంకా ఉంది. ఎప్పటిలా లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. "అమ్ము. నేనొక్క మాట గూడ అనను. కానీ చెల్లె నౌకరికి పోతనన్నది గదా, పోనీయి. ఇంట్ల వంటంత నేను జూస్కుంట."

బావగారు తల్లి వైపు చూశారు. అత్తమ్మ చూపు తిప్పుకోలేదు. "మీ ఇష్టమొచ్చినట్టు జేస్కోన్రి" అని ఆయన చేయి చాపారు. అక్క తాళంచెవి ఆ చేతిలో పెట్టింది.

కారును తీసుకెళ్ళిన రోజు ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు. "ఎందుకట్ల జేసినవక్కా?" అని అడిగితే, బియ్యం కడుగుతూ అంది: "కారు ఒక్కపాలి బయటికి పోయొస్తది, మళ్ళ షెడ్లనే పెడ్తరు. నువ్వయితే రోజు పోతవ్."

అప్పటి నుంచి రోజూ పోతూనే ఉన్నాను. ఆమె మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. సాయంత్రం నేను రాగానే చాయ్ ఇచ్చి, "తొవ్వల ఏం జూసినవ్?" అని అడిగేది. బడి సంగతులు కాదు, దారి సంగతులు కావాలి ఆమెకు. ఏ బండి ఆగిపోయింది, ఎక్కడ రోడ్డు వేస్తున్నారు, ఏ చేలో పత్తి ఏరుతున్నారు. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు కొన్నిసార్లు. అయినా ఆమె కోసం కిటికీ పక్కనే కూర్చుని చూసుకుంటూ వచ్చేదాన్ని.

కర్మలయ్యాక మళ్ళీ బడికి బయలుదేరాను. బస్సు మలుపు తిరిగే చోట మా ఇంటి మిద్దె కనిపిస్తుంది. చనిపోయే ముందురోజు అక్క ఆరేసిన దుప్పటి ఇంకా తీగ మీదే ఉంది. చుట్టాల హడావిడిలో పైకి ఎవరూ వెళ్ళినట్టు లేరు. గాలి వచ్చినప్పుడల్లా అది నిండుగా ఉబ్బుతోంది, తీగను లాగుతోంది, మళ్ళీ వాలిపోతోంది. బస్సు మలుపు తిరిగిపోయేదాకా చూస్తూనే ఉన్నాను.