ఓడెక్కని మొగుడికి పెరుగన్నం

నాకు సముద్రం మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఖమ్మంలో పుట్టి, చాలా ఏళ్ళుగా ఢిల్లీలో ఉంటున్న మనిషికి ఓడతో పనేమిటి? అయినా పోయిన ఫిబ్రవరిలో, ముంబయి నుంచి గోవా వెళ్ళి వచ్చే క్రూజ్‌లో మూడు రాత్రులకి ఒక్కదాన్నే టికెట్ తీసుకున్నాను. కారణం సూటిగా చెప్పేస్తాను. రెండేళ్ళ క్రితం నేనూ మా ఆయనా విడిపోయాం. కిందటి వర్షాకాలంలో కోర్టులో కూడా పని పూర్తయింది. కానీ ఢిల్లీ ద్వారకలో మా అపార్ట్‌మెంట్ సొసైటీలో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. లిఫ్ట్‌లో పక్కింటి దీదీ “భయ్యా కబ్ ఆ రహే హై?” అని మా ఆయన గురించి అడిగితే “పుణె ప్రాజెక్ట్ ఇంకా అవలేదు దీదీ” అంటాను. ఉగాదికి కలిసే తెలుగువాళ్ళకి చెప్పేదీ ఆ ప్రాజెక్టే. ఎప్పటికీ పూర్తి కాని ఆ ప్రాజెక్ట్ మీద నాకే విసుగొచ్చేసింది. నన్నెవరూ ఎరగని చోట, ఒక్క మనిషితోనైనా ‘మేం విడిపోయాం, నేనొక్కదాన్నే ఉంటున్నాను’ అని చెప్పగలనో లేదో చూసుకోవాలనిపించింది. ఓడలో అయితే మధ్యలో దిగి పారిపోయే వీలు కూడా ఉండదు.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఓడలో గది ఇద్దరి లెక్కన అమ్ముతారు. ఒక్కరే వెళ్ళినా రెండో మంచం డబ్బు చాలావరకు కట్టాల్సిందే. కిటికీ లేని లోపలి గదికి, పన్నులూ భోజనాలూ కలిపి, నాకు యాభై వేలకి కాస్త అటూ ఇటూ అయింది. ఓడ సాయంత్రం ఐదింటికి బయల్దేరుతుంది కానీ మధ్యాహ్నం మూడు దాటితే ఎక్కనివ్వరు. అందుకని పొద్దున్నే మొదటి మెట్రో పట్టుకుని, ద్వారక సెక్టార్ 21 నుంచి ఎయిర్‌పోర్ట్ లైన్‌లో ఒక్క స్టేషన్ వెళ్ళి, ఎనిమిదింటి విమానం ఎక్కాను. ఫిబ్రవరిలో మంచు వల్ల ఢిల్లీ విమానాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి, ఎవరైనా సరే ఆ రోజు మధ్యాహ్నం విమానాన్ని నమ్ముకోకండి. ముంబయిలో దిగి బల్లార్డ్ పియర్ దగ్గరి క్రూజ్ టెర్మినల్‌కి క్యాబ్ మాట్లాడుకుంటే ఎనిమిది వందలు, గంటంపావు. డ్రైవర్ పెద్దాయన అద్దంలోంచి చూస్తూ “ఫ్యామిలీ పీఛే ఆ రహీ హై మేడమ్?” అన్నాడు. వెనకెవరో వస్తున్నట్టే “హా భయ్యా” అనేశాను. మొదటి పరీక్ష అక్కడే తప్పాను. మిగతా దారంతా ఫోను తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం.

టెర్మినల్‌లో పెద్ద క్యూ ఉంది. అక్కకి ఫోన్ చేసి “లైన్లో ఉన్నా, ఎక్కాక చేస్తా” అన్నానో లేదో, వెనక నుంచి ఎవరో భుజం తట్టారు.

“తెలుగువాళ్ళేనా అమ్మా? హమ్మయ్య! ఏ ఊరు?”

అరవైకి దగ్గర పడుతున్న ఆంటీ. పేరు రాజ్యలక్ష్మి. అసలు ఊరు తెనాలి. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉంటారు. పక్కన బ్యాగుల మీద చెయ్యేసి నిలబడిన అంకుల్ ఏదో మంత్రిత్వ శాఖలో అధికారి, వచ్చే ఏడాది రిటైరవుతారు. నేను ద్వారక అనగానే ఆంటీ మొహం వెలిగిపోయింది.

“అచ్ఛా! మా మరిది వాళ్ళు ద్వారకలోనే! ఏ సెక్టారు? మీ వారేరీ?”

నన్నెవరూ ఎరగని చోటు కోసం ఇంత దూరం వస్తే, మా వీధికి చుట్టం ఎదురైంది. చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. “ముందెళ్ళారండీ, బ్యాగులు ఇవ్వడానికి” అనే మాట బయటికొచ్చింది. ఎలా వచ్చిందో నాకూ తెలీదు. రెండేళ్ళ అలవాటు మరి.

సామాన్ల తనిఖీ దగ్గర ఆంటీ తెచ్చిన గోంగూర పచ్చడి సీసా తీసి పక్కన పెట్టేశారు. ఇంటి తిండి లోపలికి రానివ్వరు. “దిగేటప్పుడు ఇస్తాంలే అంటున్నాడమ్మా, అప్పుడెందుకు నాకు, ఢిల్లీలో దొరకదా?” అని ఆంటీ కాసేపు సణిగి, తర్వాత నా చెవిలో “కందిపొడి మాత్రం కాల్షియం మాత్రల డబ్బాలో పోశాలే” అంది. అక్కడే ఈవిడ నాకు నచ్చేసింది. నచ్చిన మనిషికి అబద్ధం చెప్పానన్నది గుచ్చుకోవడం కూడా అప్పుడే మొదలైంది.

ఓడ కదలకముందు అందరూ ఒకచోట చేరాలి. లైఫ్ జాకెట్ ఎక్కడుంటుంది, ఎలా కట్టుకోవాలి అన్నీ చూపిస్తారు, ఎవరూ తప్పించుకోవడానికి లేదు. మా గదులు ఒకే వరసలో ఉండడంతో ఆంటీ వాళ్ళూ నేనూ ఒకేచోట నిలబడ్డాం.

“మీ వారు రాలేదే?”

“కళ్ళు తిరుగుతున్నాయని పడుకున్నారండీ. ఓడవాళ్ళకి చెప్పాం, తర్వాత చూపిస్తామన్నారు.”

అంకుల్ కళ్ళజోడు సవరించుకుని “ఓడ ఇంకా కదల్లేదు కదమ్మా?” అన్నారు.

“ఆయనకి కాస్త ముందే వస్తుందండీ.”

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నాది జిగురు లేని అబద్ధం. కానీ ఆంటీ నమ్మేసింది. “పాపం, కొందరిది సున్నితమైన ఒళ్ళు” అని అంకుల్‌నే కసురుకుంది. భోజనానికి నన్ను వాళ్ళ టేబుల్ దగ్గరికే మార్పించింది. అక్కడ నోయిడా నుంచి వచ్చిన పద్మ అనే ఆవిడ, వాళ్ళాయన, చిన్న పాప కూడా ఉన్నారు. వాళ్ళూ తెలుగువాళ్ళే. పాప మాత్రం తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబు చెప్తుంది. వడ్డించే అబ్బాయి ఎంతమంది అని అడిగేలోపే ఆంటీ “దో, భయ్యా, ఇస్‌కే హస్బెండ్ భీ ఆయేంగే” అంది. అలా ఆ రాత్రి నా పక్కన ఒక కుర్చీ, దాని ముందు ఒక ప్లేటూ వెలిశాయి.

రెండో రోజంతా సముద్రమే. చుట్టూ నీళ్ళు తప్ప మరేమీ కనిపించదు. పై డెక్ మీద పడక కుర్చీలున్నాయి, ఈత కొలను ఉంది, పాటలున్నాయి. అందరూ హాయిగా వాలిపోయారు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఒక కుర్చీలో కూర్చుంటే ఎవరైనా పక్కన కూర్చుని పలకరిస్తారేమోనని లేచి ఇంకో చోటికి. సిగ్నల్ ఎప్పుడో పోయింది, వైఫై కావాలంటే రోజుకి వెయ్యికి పైగా కట్టాలి, కట్టలేదు. అయినా చెయ్యి ఫోను మీదకే పోతోంది. పుస్తకం తెరిచి ఒక పేజీని ఎన్నిసార్లు చదివానో. మేమిద్దరం కలిసి ఉన్న రోజుల్లో కూడా ఆయన ఒక గదిలో, నేనొక గదిలో ఉండేవాళ్ళం. అప్పుడు లేని ఒంటరితనం ఇప్పుడు ఇంతమంది మధ్య పట్టుకుంది. ఏడుపొచ్చింది. ఆ గాలికి కళ్ళు నీళ్ళు కారడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి ఆంటీ మూత పెట్టిన ప్లేటు పట్టుకుని నా గది బయట ప్రత్యక్షమైంది. వంటగదిలో ఎవరినో బతిమాలి అన్నం మెత్తగా ఉడికించి, పెరుగు కలిపి, అల్లం తురిమి వేయించిందట. పక్కన కాల్షియం డబ్బాలోని కందిపొడి. “ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా తిప్పుతుంది. లేపి పెట్టు” అంది. తలుపు కొద్దిగా తెరిచి, తేలు కుట్టిన దొంగలా ప్లేటు అందుకున్నాను. మంచం అంచున కూర్చుని అంతా నేనే తిన్నాను. చాలా బాగుంది, అది ఇంకా ఘోరం. రాత్రికి మళ్ళీ వచ్చింది, ఈసారి వాము నీళ్ళతో సహా. మొహమాటానికి టేబుల్ దగ్గర నా వంతు భోజనం కూడా చేశాను. ఆ ప్రయాణంలో నేను పెరిగిన బరువుకి పూర్తి బాధ్యత ఆయనదే.

మూడో రోజు పొద్దున్నే గోవా. ఓడ మార్మగోవా రేవులో ఆగుతుంది. అక్కడి నుంచి పనాజీకి టాక్సీలో దాదాపు గంట. రానూ పోనూ రెండున్నర వేలు అడుగుతారు, నలుగురు కలిస్తే నయం. ఆంటీ వాళ్ళు రమ్మన్నారు కానీ “ఆయన్ని వదిలి ఎలా రానండీ” అన్నాను. వాళ్ళ టాక్సీ కనుమరుగయ్యేదాకా ఆగి వేరే టాక్సీ ఎక్కాను. పనాజీ పాతపేట ఫోంతెన్యాస్ వీధుల్లో పసుపు, నీలం గోడల ఇళ్ళు చాలా అందంగా ఉంటాయి, తప్పకుండా నడవండి. నేను నడిచాను కానీ ప్రతి మలుపు దగ్గరా ఆంటీ ఎదురవుతుందేమోనని తొంగి చూస్తూ నడిచాను. ఒక చిన్న హోటల్లో చేపల పులుసు, అన్నం తెప్పించుకుంటే, వండిన ముసలావిడ వచ్చి “సింగల్? గుడ్, గుడ్. ఈట్ స్లోలీ” అని నవ్వి వెళ్ళిపోయింది. ఆవిడకి నేను జవాబు కూడా చెప్పనక్కర్లేకపోయింది. అప్పుడు నా మీద నాకే కోపం వచ్చింది. పారిపోవడానికే అయితే ద్వారకలో ఉండిపోవచ్చు కదా, లిఫ్ట్ బదులు మెట్లెక్కితే సరిపోయేది.

సాయంత్రం ఓడ కదిలాక తలుపు చప్పుడైంది. ఆంటీ, వెనక అంకుల్.

“ఇలా లాభం లేదమ్మా. రెండ్రోజులైంది. మీ అంకుల్ వెళ్ళి డాక్టర్‌తో మాట్లాడొచ్చారు. ఒకసారి పలకరించి, చూపించుకోమని మేం చెప్తాం.”

తలుపు పూర్తిగా తెరిచాను. మంచంలో సగం మీద నా బట్టలు, బ్యాగు. రెండో దిండు మీద ముడత కూడా లేదు.

“ఆంటీ, నాతో ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే వచ్చాను. మేం విడిపోయి రెండేళ్ళైంది.”

ఇద్దరూ గదిని చూశారు. తర్వాత నన్ను చూశారు.

“మరి పెరుగన్నం?” అంది ఆంటీ.

“నేనే తిన్నానండీ.”

“రెండు పూటలా?”

“రెండు పూటలా.”

అంకుల్‌కి నవ్వు ఆగలేదు, దగ్గినట్టు నటిస్తూ బయటికి వెళ్ళిపోయారు. ఆంటీ నవ్వలేదు. వచ్చి మంచం మీద కూర్చుంది.

“వంటవాడి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, తెలుసా? నాకు విడిపోవడాలూ అవీ అర్థం కావు, నేను అబద్ధమెందుకు చెప్పాలి. కానీ నన్ను చూస్తే అంత భయమేసిందా నీకు?”

“మిమ్మల్ని చూసి కాదాంటీ. అందరికీ అదే చెప్తున్నాను.”

“అందరికీ అంటే? ఢిల్లీలో ఒక్కళ్ళకి కూడా చెప్పలేదా?”

తల అడ్డంగా ఊపాను. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచి, “భోజనానికి రా” అని లేచింది. నోయిడా వాళ్ళు గోవాలో తిరిగి అలిసిపోయి ఆ రాత్రి భోజనానికి రాలేదు. మేం కూర్చోగానే ఆంటీ వడ్డించే అబ్బాయిని పిలిచి “యే కుర్సీ హటా దో, భయ్యా” అంది. అతను ఆ ఖాళీ కుర్చీ తీసుకెళ్ళిపోయాడు. నా మోచేతులకి చోటు దొరికింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టిందని రాస్తే బాగుంటుంది కానీ, పట్టలేదు. ఒకరికి చెప్పాను, అదీ దొరికిపోయాక. దాన్ని చెప్పడం అంటారా అని దొర్లుతూనే ఉన్నాను.

మర్నాడు ముంబయిలో దిగడానికి చాలా సమయం పడుతుంది, అంతస్తుల వారీగా పిలుస్తారు. అందుకని తిరుగు విమానం మధ్యాహ్నం రెండు తర్వాతే పెట్టుకోండి. క్యూలో మా ముందు నోయిడా పద్మగారు. వెనక్కి తిరిగి “మీ వారికి తగ్గిందా అండీ? మాకు కనిపించనే లేదు” అని అడిగింది.

నేను ఊపిరి తీసుకునేలోపే ఆంటీ అందుకుంది. “తగ్గింది కానీ, ఆఫీసు పని పడి పాపం గోవాలోనే దిగిపోయాడమ్మా, విమానంలో వెళ్ళిపోయాడు.” ఎంత నున్నగా చెప్పిందంటే, నేనూ నమ్మేసేదాన్ని. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఊరుకుంటే అయిపోయేది. క్యూ కదులుతోంది కూడా.

“లేదండీ” అన్నాను. “ఆయన అసలు రాలేదు. మేం విడిపోయాం. నేనొక్కదాన్నే వచ్చాను.”

పద్మగారు “ఓ, అచ్ఛా” అంది. తర్వాత వాళ్ళ పాప బూటు లేసు ఊడిందని వంగి కట్టింది. అంతే. నేను రెండేళ్ళు భయపడింది దీనికి!

ఆంటీ మాత్రం నా చెయ్యి గట్టిగా గిల్లింది. “నేనంత కష్టపడి గోవాలో దింపితే, అసలు ఓడే ఎక్కలేదంటావేంటే!” ఇద్దరం ఎంత నవ్వామంటే, సీసాలిచ్చే కౌంటర్ దగ్గర ఆవిడ గోంగూర అడగడం కూడా మర్చిపోయింది.

ఒంటరిగా వెళ్తే ప్రశాంతత దొరుకుతుందని చాలామంది రాస్తారు. నాకు దొరకలేదు. ఇప్పటికీ ఒకచోట కుదురుగా కూర్చోలేను. కానీ ఒక్కదాన్నే ఉన్నందుకు వచ్చే అలజడి కంటే, దాన్ని దాచిపెట్టడానికి పడే అలజడే పెద్దదని ఆ ఓడ మీద తెలిసింది. ఇది రాయడం అయిపోయింది. ఇప్పుడు మా ద్వారక తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈ లింకు నేనే పెడుతున్నాను. పుణె ప్రాజెక్ట్ పూర్తయింది.

చివరగా వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: ఒక్కరికి అదనంగా ఎంత వసూలు చేస్తారన్నది ఒక్కో ప్రయాణానికి ఒక్కోలా ఉంటుంది, వారం మధ్యలో బయల్దేరేవాటిలో తరచు తగ్గిస్తారు. ఏజెంటు తనంతట తాను చెప్పడు. ఫోన్ చేసినప్పుడు మొదటి మాటగానే ‘నేనొక్కదాన్నే’ అని గట్టిగా చెప్పి అడగండి.